దేవుడి కుండలో కుక్క వాటా

మా మనవరాలి కుక్క నాకంటే క్రమంగా తింటుంది. పొద్దున ఏడింటికి ఒక కప్పు, సాయంత్రం ఆరింటికి ఒక కప్పు. ఆ కప్పు కూడా మేత సంచితో పాటే వచ్చింది. లోపల గీతలుంటాయి. మొన్న ఇంటిల్లిపాదీ పెళ్ళికని గూడూరు వెళ్తూ, నెల్లూరులో ఇంటికీ కుక్కకీ కలిపి నన్ను కాపలా పెట్టారు. వెళ్ళేముందు మా కోడలు ఆ గీతలు నాకు రెండుసార్లు చూపించింది. గీత దాటితే లావెక్కుతుంది అత్తయ్యా, డాక్టరు కోప్పడతాడు అంది. నేను బళ్ళో పిల్లలకు ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పినదాన్ని. కప్పులో గీత చూడడం నాకు నేర్పాలా అని మనసులో అనుకున్నాను.

సాయంత్రం అయ్యేసరికి ఆ కప్పే కనబడకుండా పోయింది. వంటగది వెతికాను, వరండా వెతికాను, చివరికి ఫ్రిజ్ కూడా తెరిచి చూశాను. కుక్క నా వెనకే తిరిగింది. లెక్కలు చెప్పిన గర్వమంతా దిగిపోయాక సంచిలో చెయ్యి పెట్టి, పిడికిలి నిండా తీసి గిన్నెలో పోశాను. గింజలు గిన్నెలో రాలిన చప్పుడుకు నా చెయ్యి అట్లాగే ఆగిపోయింది. కుక్క తినేసి, గిన్నె నాకి, ఇంకా ఏమైనా ఉందా అని నా ముఖం చూసింది. నేను ఆ పూటంతా మరెక్కడో ఉన్నాను.

మా ఊరు చిట్టమూరుకు తూర్పున, సముద్రం ఇంకా కొంత దూరం ఉందనగా వస్తుంది. ఊరికి ఆవల పడవల కాలువ. సరుగుడు కట్టెలు నింపుకున్న పడవలు తెరచాప ఎత్తుకుని మద్రాసు వైపు పోతుండేవి. కాలువ దాటితే ఇసుక దిబ్బలు, చేపలు పట్టేవాళ్ళ పాళేలు. గాలి తూర్పు నుంచి వీస్తే ఎండుచేపల వాసన వచ్చేది. పడమటి నుంచి వీస్తే తడి మళ్ళ వాసన వచ్చేది. పట్నం నుంచి వచ్చిన చుట్టాలు మొదటి వాసనకు ముక్కు మూసుకునేవాళ్ళు. నాకు రెండూ అన్నం వాసనలే.

ఇంట్లో నలుగురం. జేజి, అంటే మా నాన్నమ్మ. నాయన, అమ్మ, నేను. అయిదోది కుక్క.

ఆ రోజుల్లో కుక్కను ఎవరూ కొని తెచ్చి పెంచేవాళ్ళు కాదు. ఇంట్లో కుక్క ఉండేది, అంతే. మా కుక్క ఎలా వచ్చిందో అన్నదాని మీద ఇంట్లో రెండు కథలున్నాయి. నాయన సంత నుంచి ఎండుచేపల గంపతో వస్తుంటే వాసన పట్టుకుని వెంట వచ్చేసిందని అమ్మ అనేది. చేపలను చూసి కాదు, నన్ను చూసే వచ్చిందని నాయన పట్టుబట్టేవాడు. తెల్లటి ఒంటి మీద నల్లమచ్చలు, ఎడమ చెవి కొసన చిన్న చీలిక. పేరంటూ పెట్టలేదు. ఒక్కొక్కరం ఒక్కో రకంగా పిలిచేవాళ్ళం, ఎవరు పిలిచినా దానికి తెలిసేది. జేజి మాత్రం పెదాలతో ముద్దు పెట్టినట్టు చిన్న చప్పుడు చేసేది. పెరట్లో ఉన్నా, చెరువుకట్ట మీద ఉన్నా, ఆ చప్పుడుకు పరుగెత్తుకొచ్చేది.

దానికి ఇంట్లో ఒకటే చట్టం. గడప దాటకూడదు. అది ముందుకాళ్ళు రెండూ గడప మీద చాచి, వాటి మీద గడ్డం ఆనించి పడుకునేది. ముక్కు మాత్రం లోపల ఉండేది. ముక్కు దాటితే దాటినట్టేనని జేజి, కాళ్ళు దాటలేదు కాబట్టి దాటనట్టేనని నాయన. ఈ తగాదా ఏళ్ళ తరబడి సాగింది. కుక్క మాత్రం ఎవరి వైపూ మాట్లాడకుండా ముక్కు అక్కడే ఉంచేది.

వారానికోసారి దాని ఒంటి మీద గోమార్లు ఏరడం నా పని. చెవుల వెనక, వేళ్ళ సందుల్లో పప్పుగింజల్లా అంటుకుని ఉండేవి. లాగి, కిరసనాయిలు పోసిన కొబ్బరిచిప్పలో వేసేదాన్ని. అది కళ్ళు మూసుకుని, నొప్పి పుట్టినప్పుడు నా మణికట్టు నోట కరుచుకుని, పళ్ళు దిగనీయకుండా అట్లాగే పట్టుకునేది. ఆ కిరసనాయిలు, కుక్క ఒంటి వాసన కలిపి నా చేతులకు అంటుకుంటే అమ్మ సున్నిపిండి పెట్టి తోమినా పోయేది కాదు.

పాళెం నుంచి చేపలమ్మే ఆమె గంపతో వచ్చే రోజు కుక్కకు ముందే తెలిసేది. పొద్దున్నే దారికి అడ్డంగా కూర్చునేది. అమ్మ పెరట్లో బూడిద వేసి చేపలు తోముతుంటే ఒక పక్క కాకులు, ఒక పక్క కోళ్ళు, మధ్యలో అది. అందరికీ వాటాలుండేవి. ఆ తరువాత మట్టిదాకలో చింతపండు పులుసు, మామిడికాయ ముక్కలు. ఆ రోజు వండి మర్నాడు తింటేనే రుచి అని జేజి అనేది గానీ, మర్నాటికి మిగిల్చింది ఎప్పుడూ చూడలేదు.

దీపాలు పెట్టే వేళకు కుటుంబ ప్రార్థన. చాప మీద కూర్చుని జేజి ఒక కీర్తన ఎత్తుకునేది. గొంతు పైకి పోయే చోట కుక్క గడప మీద తల పైకెత్తి, తనూ సన్నగా ఊళ పెట్టేది. నాకు నవ్వు ఆగేది కాదు. కొన్నాళ్ళకు దాని కిటుకు పట్టేసి, కావాలనే ఆ చోట నా గొంతు ఇంకా పైకి లాగేదాన్ని. కుక్క నన్ను మించాలని చూసేది. నాయన ఒకసారి మూసుకున్న కళ్ళు తెరవకుండానే చెప్పు విసిరాడు. అది నాకు తగిలింది. జేజి పాట ఆపి, దానికొచ్చిన భాషలో అది పాడతాండాది, నీకొచ్చింది నువ్వు పాడు అంది. నాతోనో, నాయనతోనో తెలియలేదు.

ఆదివారం చర్చికి కూడా కుక్క మా వెంట వచ్చేది. బయట చెప్పుల దగ్గర ఊరి కుక్కలన్నీ పడుకునేవి, ఏ ఇంటి కుక్క ఆ ఇంటి చెప్పుల పక్కన. అన్ని జతల మధ్య మావి ఎలా కనిపెట్టేదో, జేజి చెప్పుల మీద తల పెట్టుకుని ప్రసంగమంతా నిద్రపోయేది. లోపల నాకు ఆ వీలు ఉండేది కాదు.

దాని తిండికంటూ విడిగా వండింది లేదు. భోజనం చివర ఎవరి కంచంలో వాళ్ళు ఒక ముద్ద వదిలేవాళ్ళం. ఇట్లా వదలాలని ఎవరూ నేర్పలేదు. ఆఖరి ముద్ద కుక్కది, అంతే. అమ్మ ఆ నాలుగు ముద్దలూ కలిపి, పెరట్లో పగిలిన కుండ పెంకులో పెట్టేది.

ఇక దేవుడి వాటా వేరే ఉండేది. వంటింట్లో ఒక మూల మూతి వెడల్పు కుండ, దాని మీద మూత, మూత మీద నున్నటి రాయి. దాన్ని దేవుడి కుండ అనేవాళ్ళం. అన్నానికి బియ్యం కొలిచి చేటలో పోసుకున్నాక, అందులోంచి ఒక పిడికెడు తీసి ఆ కుండలో వేయాలి. మా చర్చి ఆడవాళ్ళంతా చేసే పనే ఇది. నెల మొదటి ఆదివారం ఎవరి బియ్యం వాళ్ళు తీసుకెళ్ళి, ప్రభువు బల్ల ముందుండే పెద్ద గంపలో పోసేవాళ్ళు. అవి అయ్యగారి ఇంటికి, అంటే మా పాస్టరు ఇంటికి, నా అన్నవాళ్ళు లేని ముసలివాళ్ళకు పోయేవి. మా ఇంట్లో వంట అమ్మది, ఆ పిడికిలి జేజిది. వేసేటప్పుడు ఆమె కళ్ళు మూసుకునేది. వేళ్ళ సందుల్లోంచి ఒక్క గింజ నేల మీద రాలినా ఏరి మళ్ళీ కుండలో వేసేది.

నాకు తొమ్మిదేళ్ళో పదేళ్ళో ఉన్నప్పుడు ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. మాకు పెద్ద వానలు దీపావళి వెనకాల సముద్రం మీద నుంచి రావాలి. ఆ ఏడు మబ్బులు వచ్చి, ఊరి మీద నిలబడి, ఏదో మరిచిపోయినట్టు వెళ్ళిపోయాయి. చెరువు అడుగు నెర్రెలు విచ్చింది. ఎండాకాలం వచ్చేసరికి పెరట్లోని ధాన్యం గాదె ఖాళీ. పొద్దున రాగి సంగటి, సాయంత్రం ఒక్క పూట అన్నం. మా గేదె కూడా వట్టిపోయింది.

కంచంలో ఆఖరి ముద్ద వదలడం ఎప్పుడు మానేశామో ఎవరమూ గమనించలేదు. కుక్కకు పెట్టొద్దని ఎవరూ అనలేదు. కంచాలు తుడుచుకుని తింటున్నాం, అంతే. అది వేళకు వచ్చి తన పెంకు పక్కన కూర్చునేది. కాసేపు పెంకును చూసేది, కాసేపు అమ్మను చూసేది. అమ్మ చూపు తిప్పుకుని కడుగునీళ్ళు కాసిన్ని పోసేది.

అప్పటికే దానికి కడుపు. ఒక పొద్దున గాదె కింద నాలుగు పిల్లలు పెట్టింది. రెండు తల్లి మచ్చలవి, రెండు నల్లవి. గాదె కింద చల్లటి చీకట్లో కుయ్ కుయ్ మంటూ ఒకదాని మీద ఒకటి పాకేవి. తల్లి ఎముకలు లెక్కపెట్టొచ్చు. పిల్లలు చన్ను నోట పెట్టుకుని, వదిలేసి, ఏడ్చి, మళ్ళీ పెట్టుకునేవి. ఎంతసేపటికీ వాటి పొట్టలు నిండేవి కావు.

మూడో రోజు నాయన ఇంటి వాసాల వైపు చూస్తూ మాట చెప్పాడు.

"దానికి పాలు లేవు. ఈడ ఉంటే అయిదూ చస్తాయి. పిల్లలు కళ్ళు తెరిచినంక గోతంలో ఏసుకుని కాలవ దాటించి వదిలేసొస్తా. ఆడ చేపలు కోసే కాడ ఏదోకటి దొరుకుతాది."

నాయన కఠినుడు కాదు. తన సంగటి ముద్దలో సగం తుంచి, ఎవరూ చూడట్లేదనుకుని పెరట్లోకి పోవడం నేను చూశాను. తన ఇంట్లో నోరులేని ప్రాణి మాడడం ఆయన చూడలేకపోయాడు. కానీ కాలువ దాటించడమంటే ఏమిటో నాకు తెలుసు. పక్కింటి వాళ్ళు వాళ్ళ కుక్కను అట్లాగే వదిలి వచ్చారు. అవతలి పాళెం కుక్కలు దాన్ని దగ్గరికి రానివ్వలేదు. రెండు రోజులు అవతలి గట్టు మీద నిలబడి మా ఊరి వైపు చూసి అరిచింది. మూడో రోజు గట్టు మీద లేదు.

నాకు తోచిన ఉపాయం ఒక్కటే. తల్లికి తిండి పడితే పాలు పడతాయి. పాలు పడితే నాయన మనసు మార్చుకుంటాడు. ఇంటి బియ్యం అమ్మ కొలిచి పెట్టుకునేది, చారెడు తగ్గినా తెలిసిపోతుంది. దేవుడి బియ్యం ఎవరూ కొలవరు. పైగా దేవుడికి ఆకలి వేయదు కదా అనుకున్నాను. అయ్యగారి పిల్లలకు వేస్తుందన్న సంగతి నాకు తట్టలేదు.

మధ్యాహ్నం అందరూ నడుం వాల్చిన వేళ రాయి దించి, మూత తీసి, నా పిడికిలితో రెండు తీసుకున్నాను. మళ్ళీ మూత పెట్టి, రాయి ఎక్కడ ఉందో అక్కడే పెట్టాను. గడ్డివామి వెనక బొమ్మరిల్లు ఆడుకునే చోటు ఉండేది. మూడు రాళ్ళ పొయ్యి, ఖాళీ పాలపొడి డబ్బా, తాటాకు మంట. పొగ చూసి అమ్మ కేక వేస్తే, ఆటవంట వండుకుంటున్నానని చెప్పాను. అన్నం సగం ఉడికి సగం పలుకుగా దిగేది. దాంట్లో రెండు ఎండు నెత్తళ్ళ చేపలు నలిపి వేసేదాన్ని. కుక్క మొదటి రోజు నమ్మలేదు. డబ్బా చుట్టూ తిరిగి, నా ముఖం చూసి, అప్పుడు మూతి పెట్టింది. అది తింటుంటే నా ఒళ్ళంతా చల్లబడింది. అంత సంతోషం నేను అంతకుముందు ఎరగను.

ఆరేడు రోజులకు పాలు పడ్డాయి. పిల్లల పొట్టలు గుండ్రంగా తిరిగాయి. నేను రోజూ గాదె కింద దూరి, నాలుగింటినీ వరసగా ముట్టుకుని చూసి వచ్చేదాన్ని.

ఒక సాయంత్రం జేజి దేవుడి కుండలో చెయ్యి పెట్టి, అట్లాగే ఉండిపోయింది. నెల సగమయ్యేసరికి బియ్యం ఎంతవరకు రావాలో ఆమె చేతికి తెలుసు. అమ్మను పిలిచి చూపించింది. ఎలుకలేమో అత్తా అంది అమ్మ. మూత మీద రాయి పెట్టింది పెట్టినట్టే ఉండాది, రాయి తీసి మళ్ళీ పెట్టే ఎలుక యాడుంటాది అంది జేజి. నేను గోడ పక్కన నిలబడి కాలి బొటనవేలితో నేల గీరుతున్నాను. ఆమె నా వైపు చూడను కూడా చూడలేదు. దేవుడి కుండలో చెయ్యి పెట్టే మనిషి తన ఇంట్లో ఉంటుందని ఆమెకు తోచనే లేదు.

ఆ పూట ప్రార్థనలో జేజి కీర్తన ఎత్తుకోలేదు. కళ్ళు మూసుకుని పైకే చెప్పుకుంది.

"ప్రభువా, నా చెయ్యి చిన్నదైపోయింది. కరువొచ్చిందని నీకిచ్చే కాడ నా వేళ్ళు ముడుచుకుంటాండాయి, నాకు తెలీకుండానే. ఇన్నేళ్ళు నన్ను కుదురుగా నిలబెట్టినావు. ముసలితనంలో నన్ను పిసినారిని కానీబాక."

నాయన తల దించుకున్నాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు గొంతు దాకా మాట వచ్చింది. గడప మీద కుక్క గడ్డం పెట్టుకుని నన్నే చూస్తోంది. చెబితే రేపే గోతం. మింగేశాను.

మర్నాటి నుంచి జేజి కుండలో రెండు పిడికిళ్ళు వేసింది. ఇంట్లో ఉన్నదే తక్కువ కదా అత్తా అని అమ్మ మెల్లిగా అంటే, ఆ రెండోది నా వంతులోది అంది. సాయంత్రం కంచాలు పెట్టేసరికి, పొద్దున తిన్న సంగటి ఇంకా అరగలేదే అని చెంబెడు నీళ్ళు తాగి చాప పరుచుకునేది. అమ్మ రెండు రోజులు బతిమాలింది. ఆ తరువాత అదీ మానేసింది. మొదటి పూట నుంచీ ఆమెకని ఉంచిన అన్నం నా కంచంలోనే పెట్టేది, ఎదిగే పిల్లవు తినమని.

నేను మధ్యాహ్నాలు రాయి దించుతూనే ఉన్నాను.

అట్లా ఎనిమిది రోజులు గడిచాయి. తొమ్మిదో రోజు జేజి నీళ్ళ బిందె ఎత్తబోయి, ఎత్తలేక, బావి గట్టు మీద కూర్చుండిపోయింది. అమ్మ వెళ్ళి బిందె తెచ్చింది. మధ్యాహ్నం అమ్మ కట్టెలకు పోయాక జేజి నన్ను వంటింట్లోకి పిలిచింది. ఆమె ముందు చేటలో బియ్యం ఉన్నాయి. నా దోసిలి పట్టమంది. తన పిడికిలి నింపి నా దోసిట్లో పోసింది.

"నువ్వు చిన్నప్పుడు నా పిడికెడు పోస్తే నీ దోసిలి నిండి పొర్లేది. ఇప్పుడు నీ చేతులు పెద్దయినాయిలే. అయినా చూడు పాపా, నీ కండ్లు లేతవి, నీకు బాగా కనపడతాది. నిజంగా తగ్గిందా? నాకైతే నిండినట్టే అనిపిస్తాండాది మే. మరి కుండలోకి పోయేసరికి ఏమైతాండాదో."

ఆమె నా జవాబు కోసం చూస్తోంది. ఎండిన ముఖం, గుంటలు పడ్డ కళ్ళు.  నా దోసిలి నిండుగా ఉంది. ఏడుపు వచ్చింది, చేతుల్లో బియ్యం ఉన్నాయి కాబట్టి కళ్ళు తుడుచుకునే దారి కూడా లేదు. అట్లాగే నిలబడి, ముక్కు కారుతూ, మొత్తం చెప్పేశాను. రాయి దించడం, పాలపొడి డబ్బా, నెత్తళ్ళు, అన్నీ.

దెబ్బ పడుతుందని కళ్ళు మూసుకున్నాను. పడలేదు. తెరిచి చూస్తే జేజి నన్ను చూడడం లేదు. తన కుడి చెయ్యి ముందుకు చాపుకుని, మూసి, తెరిచి, మళ్ళీ మూసి చూసుకుంటోంది.

"అయితే నా చెయ్యి బాగానే ఉండాది" అంది.

ఆ ముఖంలో వచ్చిన వెలుగు నేను ఎన్నిసార్లు తలుచుకున్నా సరిగ్గా చెప్పలేను. పోయిందనుకున్న పిల్ల గుమ్మంలోకి వస్తే తల్లి ముఖం అట్లా ఉంటుందేమో. కాసేపటికి గానీ నేను అక్కడున్న సంగతి ఆమెకు గుర్తు రాలేదు. నా దోసిట్లో బియ్యం చేటలో పోయించి, కొంగుతో నా ముక్కు తుడిచింది.

"ఎన్ని పిల్లలు?"

"నాలుగు."

"కండ్లు తెరిచినాయా?"

"నాలుగూ తెరిచినాయి జేజీ. నిన్న నాయన చూసినాడు. రేపు పొద్దున బండి కడతానన్నాడు."

జేజి లేచింది. గోడ పట్టుకుని పెరట్లోకి నడిచి, గాదె దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, లోపలికి వంగి చూసింది. ఆ వయసులో ఆమె అట్లా నేల మీదికి వంగడం ప్రార్థనలో తప్ప నేను చూడలేదు. కుక్క తోక నేలకేసి కొట్టింది. జేజి ఒక్కొక్క పిల్లనూ బయటికి తీసి, ఒళ్ళో పెట్టుకుని, పొట్ట నిమిరి, మళ్ళీ లోపల పెట్టింది. నాలుగోది పెట్టేశాక నాతో, తప్పు తప్పే, దాని సంగతి తరవాత చూస్తా అంది. ఆ తరవాత అనేది ఎప్పుడూ రాలేదు.

సాయంత్రం నాయన గోతం దులుపుకుంటూ వచ్చాడు. జేజి గాదె ముందు పీట వేసుకుని కూర్చుని ఉంది.

"గోతం ఆడ పెట్టు అబ్బయా. ఇది దేవుడి బియ్యం తినిన కుక్క. దీన్ని కాలవ దాటించే హక్కు నీకూ లేదు, నాకూ లేదు."

నాయనకు అర్థం కాలేదు. దేవుడి బియ్యం దీనికెట్లా వచ్చాయి, ఎవరు పెట్టారు అని అడిగాడు. నేను అమ్మ వెనక దాక్కున్నాను.

"కుండ నాది. ఏదన్నా అడగాలంటే నన్నడుగు. ఆయన పేరు చెప్పి తీసి పెట్టిన గింజ ఎవరి కడుపులో పడితే వాళ్ళు ఆయన మనుషులు. నీకు కరువొచ్చిందని ఆయన మనుషుల్ని గట్టున వదిలేసొస్తావా?"

 నాయన నన్ను వెతికి చూసిన చూపులో అంతా తెలిసిపోయిందని నాకూ తెలిసింది.  గోతం నాలుగు మడతలు పెట్టి, గాదె కింద చెయ్యి చాచి, పిల్లల కింద పరిచాడు. నేల గట్టిగా ఉంది వాటికి అన్నాడు, ఎవరూ అడక్కపోయినా.

ఆ పూట జేజి కంచం ముందు కూర్చుని అన్నం తినింది. అమ్మ ఇంకొంచెం పెట్టబోతే వద్దనలేదు. ప్రార్థనలో కీర్తన ఎత్తుకుంది. కుక్క తన చోట తను ఊళ పెట్టింది. నాకు గొంతు లేపాలనిపించలేదు.

మొదటి ఆదివారం వచ్చింది. ఆడవాళ్ళంతా వరసగా గంపలో బియ్యం పోస్తున్నారు. ఎప్పుడూ జేజి బియ్యమే ఎక్కువని చర్చిలో పేరు. ఈసారి ఆమె పోసినవి చూసి పక్కనున్న ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.  జేజి కుండ బోర్లించి అడుగు తట్టి, వెనక్కి తిరిగి నిలబడి అందరికీ వినబడేట్టు చెప్పింది.

"ఈసారి తక్కువే. నా చెయ్యి చిన్నదై కాదు. మా ఇంట్లో కుక్క ఈనింది. బాలింత గదా అని దేవుడు తన దాంట్లో నించి పెట్టినాడు."

ఆడవాళ్ళు నవ్వారు. అయ్యగారు కూడా నవ్వు ఆపుకోలేక పుస్తకం అడ్డం పెట్టుకున్నారు. అయ్యగారి భార్య, మేము అమ్మగారు అని పిలిచే ఆమె, బయటికి వచ్చాక జేజి చెయ్యి పట్టుకుని, అయితే వాటిలో ఒక పిల్లను మాకే ఇయ్యండి, మా బియ్యమే తినింది గదా అంది. అది విని ఇంకో ఇద్దరు అడిగారు. ఆ కరువులో, కుక్కపిల్లల కోసం పోటీ. పాలు మరిచాక మూడింటినీ మూడిళ్ళకు ఇచ్చాం. నాలుగోది, ఒంటి చెవి మడతపడిన నల్లది, మా ఇంట్లోనే ఉండిపోయింది.

చర్చి నుంచి ఇంటికి నడుస్తూ జేజిని అడిగాను, నా పేరు ఎందుకు చెప్పలేదని.

"నాకు చెప్పినావు గదా. నా లెక్క సరిపాయె. మిగతాది ఆయనకు నువ్వే చెప్పుకో" అంది.

మరుసటి ఏడు వానలు కురిశాయి. గాదె నిండకపోయినా అడుగు మునిగింది. కంచాల్లో ఆఖరి ముద్ద మళ్ళీ మొదలైంది, ఎవరూ గుర్తు చేయకుండానే. కుక్క చాలా ఏళ్ళు బతికి, ఒక ఎండాకాలం జేజి మంచం నీడలో పడుకుని, మళ్ళీ లేవలేదు. అప్పటికి గడప దాటి లోపలే పడుకుంటోంది. ముక్కు గురించి తగాదా పడే ఓపిక ఎవరికీ లేకపోయింది. జేజి ఆ తరువాత కొన్నేళ్ళకు పోయింది. ఇప్పుడు ఆ వైపంతా రొయ్యల చెరువులు. పడవల కాలువలో ముళ్ళచెట్లు మొలిచాయి. ఎక్కడ ఇవతలి గట్టో, ఎక్కడ అవతలి గట్టో నాకే తెలియలేదు పోయినసారి వెళ్ళినప్పుడు.

జేజి చెప్పుకోమన్నది చెప్పుకున్నాను. దేవుడి బియ్యం సంగతి ఆ ఆదివారమే చెప్పుకున్నాను, అంతటితో అది తేలికైపోయింది. తేలిక కానిది ఇంకొకటి ఉంది. అది జేజికి చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు.

జేజి నీళ్ళు తాగి పడుకున్న ఆ ఎనిమిది సాయంత్రాలూ, ఆమె వద్దన్న అన్నం నా కంచంలోకే వచ్చింది. అది తీసుకెళ్ళి కుక్కకు పెట్టి ఉండొచ్చు. మర్నాడు కుండ మీద రాయి దించే పని ఉండేది కాదు. చిన్నపిల్లను, ఆ ఆలోచన అప్పుడు రాలేదని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. వచ్చింది. మొదటి సాయంత్రమే వచ్చింది. గడప మీద కుక్క ఉంది, పక్కన చాప మీద జేజి అటు తిరిగి పడుకుని ఉంది, కంచంలో అన్నం వేడిగా ఉంది. నాకు ఆకలిగా ఉంది. తినేశాను.